లవ్లీకీ లవింగ్లీకీ మధ్య

నెల్లూరు

అబ్బయ్యా,

కావలి నుంచి నువ్వు పంపిన ఇంగ్లీషు కథ అందింది. రాత్రి రైలు దిగొచ్చిన కొడుక్కి అమ్మ చేపల పులుసు వడ్డించే చోటు రెండుసార్లు చదువుకున్నాను. అక్కడే ఒక మాట పంటికింద రాయిలా తగిలింది. అమ్మ 'లవ్లీ' వడ్డించింది అని రాశావు. చివర 'లీ' ఉంది కాబట్టి క్రియావిశేషణమే అనుకున్నట్టున్నావు. కాదయ్యా, అది విశేషణం. ఇంటిని లవ్లీ అనొచ్చు, చీరను అనొచ్చు, వడ్డించడాన్ని అనకూడదు. అక్కడ రావాల్సింది లవింగ్లీ.

ఈ తప్పు నీ ఒక్కడిదే కాదు. మన 'గా' మనకు అలా అలవాటు చేసింది. 'ఇల్లు అందంగా ఉంది' అంటాం, 'అందంగా రాసింది' అంటాం. రెండు చోట్లా అదే 'గా'. ఇంగ్లీషులో మొదటిదానికి బ్యూటిఫుల్, రెండోదానికి బ్యూటిఫుల్లీ. ఎక్కడ ఏది అన్న ఆలోచన తెలుగులో మనకు అవసరం పడదు, అందుకే అక్కడ తడబడతాం.

క్రియ మీద నేరుగా 'లీ' అంటించకు. మధ్యలో విశేషణం దగ్గర ఆగాలి. హెసిటేట్ నుంచి హెసిటెంట్, దాన్నుంచి హెసిటెంట్లీ. సర్‌ప్రైజ్ లాంటి వాటికి ఇంగ్ చేరిన రూపమే ఆ మెట్టు: సర్‌ప్రైజింగ్, సర్‌ప్రైజింగ్లీ. ఏ క్రియకు ఏ మెట్టో డిక్షనరీలో చూసుకోవాల్సిందే, ఊహించి రాస్తే కుదరదు.

కొన్ని క్రియలకు రెండేసి మెట్లుంటాయి. నాకు ఎక్కువ ఇష్టమైన చోటు అదే. రిపీట్ తీసుకో. రిపీటెడ్లీ అంటే మళ్లీ మళ్లీ, అంతే. రిపిటిటివ్లీ అంటే చెప్పిందే చెప్పి విసుగు పుట్టించేలా. నీ కథలో తాత "తిన్నావా" అని రిపిటిటివ్లీ అడిగాడని రాశావు. ఆ ముసలాయనంటే నీకు ప్రాణమని కథంతా చెబుతోంది, ఆ ఒక్క మాట మాత్రం ఆయన మీద విసుక్కుంటోంది. దాన్ని మార్చు. డిసైడ్‌కూ ఇట్టాగే రెండున్నాయి: డిసైసివ్లీ అంటే తటపటాయించకుండా, డిసైడెడ్లీ అంటే నిస్సందేహంగా.

ఇక ఆ పులుసు వాక్యం. లవింగ్లీ పెట్టి ఒకసారి చదువు, తీసేసి ఒకసారి చదువు. తీసేస్తే ఆమె చేతులు ఏం చేస్తున్నాయో నువ్వు చూసి రాయాల్సి వస్తుంది. ముక్క విరక్కుండా గరిటె ఎట్టా దించింది? తల ముక్క ఎవరి కంచంలో వేసింది? మామిడికాయ బద్ద ఏరి పెట్టిందా? అవి రాసి పంపు, ఎదురుచూస్తుంటాను.