కూడు ముందా, నోరు ముందా అని అడుగుతున్న బిడ్డకు

బిడ్డా,

నాగర్‌కర్నూలు నుంచి నువ్వు పంపిన వ్యాసం చదివాను. చదివించే గుణం ఉంది, వాక్యం ఎక్కడా తడబడలేదు. హక్కుల విషయంలో అమెరికా, యూరప్ మేలా, చైనా, రష్యా మేలా అని నీ తోటివాళ్లు పొద్దంతా వాదించుకునే సంగతినే ఎత్తుకున్నావు. ఒక పక్క అమెరికా నడిపే గ్వాంటనామో జైలు, ఇంకో పక్క చైనా ఉయ్ఘర్ ముస్లింలను నిర్బంధించిన షిన్‌జియాంగ్ పెట్టి, చివర్లో లెక్క తేల్చి ఒక దేశాన్ని గెలిపించావు. ఆ జైళ్లలో ఉన్న మనుషులు మాత్రం వ్యాసంలో ఎక్కడా కనిపించలేదు. నా అభ్యంతరమంతా అక్కడే.

"ఆకలిగొన్నవాడికి వాక్ స్వాతంత్య్రం ఎందుకు?" అని రాశావు. ఈ మాట ప్రభుత్వాలు చాలాకాలంగా చెబుతున్నదే. 1966లో ఐక్యరాజ్యసమితి హక్కులను రెండు ఒడంబడికలుగా విడగొట్టింది. ఓటు, వాక్కు, న్యాయ విచారణ వంటివి ఒకదాంట్లో. తిండి, పని, చదువు, వైద్యం వంటివి ఇంకోదాంట్లో. మొదటిదాన్ని అమెరికా 1992లో ఆమోదించింది. రెండోదానిపై 1977లో సంతకం పెట్టింది కానీ ఇప్పటికీ ఆమోదించలేదు. చైనాది సరిగ్గా దీనికి తిరగేసిన కథ: రెండోదాన్ని 2001లో ఆమోదించింది, మొదటిదానిపై 1998లో సంతకం పెట్టి ఊరుకుంది. ఎవరికి నచ్చిన సగాన్ని వాళ్లు పట్టుకుని, ఎదుటివాడు వదిలేసిన సగాన్ని చూపించి నిందిస్తుంటారు. నువ్వు చదివిన వాదనల్లో సగానికి సగం ఇక్కడ పుట్టినవే. సంతకాలను కూడా మరీ నమ్మకు. సోవియట్ యూనియన్ 1973లోనే రెండింటినీ ఆమోదించింది, రష్యాకు ఆ బాధ్యత వారసత్వంగా వచ్చింది. అయినా అక్కడి ప్రతిపక్ష నాయకుడు నవాల్నీ 2024 ఫిబ్రవరిలో ఆర్కిటిక్ జైల్లో చనిపోయాడు.

కూడు ముందా, నోరు ముందా అనే ప్రశ్నకు జవాబు కోసం నువ్వు అంత దూరం పోనక్కర్లేదు. మీ జిల్లాలో పెద్దవాళ్లను అడుగు. దేశంలో ఎన్నో ప్రాజెక్టులకు మట్టి తవ్వి, రాళ్లు మోసింది పాలమూరు లేబరే. పనుల్లేని రోజుల్లో గుంపు మేస్త్రి ఇంటికొచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు. మొగుడూ పెళ్లాలు ముసలివాళ్లను ఊళ్లో వదిలి, పసిపిల్లలను చంకనేసుకుని బయల్దేరేవాళ్లు. పని దగ్గర గుడిసె ఇచ్చేవాళ్లు, బియ్యం ఇచ్చేవాళ్లు. కడుపులోకి ఎంతో కొంత పోయేది. కానీ కూలి ఎంత, తిండికి ఎంత పట్టుకున్నారు, అప్పు ఎంత మిగిలింది అన్నది మేస్త్రి పుస్తకంలో ఉండేది. ఆ పుస్తకం చూపించమని అడిగితే తిట్లు, గట్టిగా అడిగితే దెబ్బలు. లెక్క అడగలేరు కాబట్టి కూలి తగ్గేది. కూలి తగ్గింది కాబట్టి మరుసటి ఏడు మళ్లీ అడ్వాన్సు. 1976లో వెట్టిచాకిరీ నిషేధ చట్టం వచ్చాక కూడా ఇది సాగింది. నోరు లేనివాడి కూడు ఎలా కరిగిపోతుందో దీనికన్నా బాగా నీకు ఎవరు చెబుతారు?

మా నల్లగొండ కథ ఇంకో వైపు నుంచి చూడు. మాకు ఓటుంది, పత్రికలున్నాయి, సభ పెట్టుకునే స్వేచ్ఛ ఉంది. అయినా మర్రిగూడ, మునుగోడు వైపు జనం దశాబ్దాల పాటు ఫ్లోరైడు నీళ్లే తాగారు. పిల్లల పళ్లు గారపట్టాయి, కాళ్లు వంకరపోయాయి, పెద్దవాళ్ల వెన్నెముకలు బిగుసుకుపోయాయి. ఎన్ని అర్జీలు పెట్టినా కదలిక లేక, 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఒక్క నల్లగొండ స్థానంలోనే 480 మంది బరిలో నిలిచారు. చాలామంది జలసాధన పోరాటంలోంచి వచ్చి నామినేషన్ వేసినవాళ్లే. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. గెలవడానికి వేసిన నామినేషన్లు కావవి, నీళ్ల కోసం వేసినవి. దేశమంతా మా నీళ్ల గురించి మాట్లాడింది ఆ దెబ్బతోనే. ఓటు ఉన్నంత మాత్రాన నీళ్లు రాలేదు, నిజమే. ఆ ఓటే లేకపోతే అడగడానికి మాకు ఆ దారి కూడా ఉండేది కాదు. చైనాలో 1959-61 కరువు నాటికి ఆ దారి లేదు. ధాన్యం లేదని చెప్పినవాళ్లకు శిక్ష పడేది కాబట్టి పైకి కాకిలెక్కలు పోయాయి. ఆ లెక్కల ప్రకారమే ఊళ్ల నుంచి ధాన్యం లాగేశారు. కోట్ల మంది చనిపోయారు.

ఇక ఒక దేశం తప్పు ఎత్తి చూపితే వచ్చే "మరి మీరేం చేశారు?" అనే ఎదురుప్రశ్న. ఇది కొత్తది కాదు. 1931లో అమెరికాలోని అలబామాలో తొమ్మిది మంది నల్లజాతి కుర్రాళ్లపై తప్పుడు అత్యాచార కేసు పెట్టి, ఎనిమిది మందికి మరణశిక్ష వేశారు. సోవియట్ పత్రికలు దాన్ని ప్రపంచమంతా చాటాయి. చాటడం న్యాయమే. ఆ తర్వాతి రెండేళ్లలో సోవియట్ పాలనలోనే ఉన్న యుక్రెయిన్ పల్లెల్లో లక్షల మంది ఆకలితో చనిపోతుంటే అవే పత్రికలు నోరు మెదపలేదు. అలబామా పిల్లల కన్నీళ్లు నిజం, యుక్రెయిన్ తల్లుల ఆకలీ నిజం. ఒకదాన్ని ఇంకోదానికి చెల్లువేయడానికి నువ్వెవరు, నేనెవరు?

అలాగని "అందరూ ఒకటే" అని చేతులు దులుపుకోకు, అది బద్ధకం. అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఎ. ఖైదీలను పెట్టిన చిత్రహింసల మీద 2014 డిసెంబరులో నివేదిక సారాంశాన్ని బయటపెట్టింది అమెరికా సెనేట్ కమిటీయే. 1989 జూన్‌లో బీజింగ్‌లో నిరసనకారుల మీద సైన్యం జరిపిన కాల్పుల్లో చనిపోయినవాళ్ల పేర్లు అడిగే తల్లుల మీద చైనా ఇప్పటికీ నిఘా పెడుతుంది. ఈ తేడా పెద్దది, ధైర్యంగా రాయి. ఆ చిత్రహింసల కార్యక్రమాన్ని నడిపిన అధికారులెవరికీ శిక్ష పడలేదన్న మాట కూడా అదే పేరాలో రాయి.

ఇదంతా చేతనవుతుందో లేదో తెలుసుకోవాలంటే మన హైదరాబాద్ సంస్థానంలో 1948 గురించి రాసి చూడు. నిజాం పక్షాన నిలిచిన రజాకార్లు ఊళ్ల మీద పడి చంపినవాళ్ల గురించి ఇక్కడ చాలామంది రాశారు. సెప్టెంబరులో భారత సైన్యం వచ్చి పోలీసు చర్య జరిగాక చనిపోయిన వేలాది ముస్లింల గురించి రాసినవాళ్లు తక్కువ. సుందర్‌లాల్ కమిటీ వచ్చి విచారించింది, ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. నీ వ్యాసంలో ఈ రెండు వర్గాల మృతులూ పక్కపక్కనే ఉండాలి. అప్పుడు చుట్టాలే నీ మీద కోపం చేసుకుంటారు. పౌరహక్కుల నాయకుడు బాలగోపాల్ ఎన్‌కౌంటర్లను నిలదీశారు, నక్సలైట్లు చేసిన హత్యలనూ నిలదీశారు. ఇరువైపుల నుంచీ మాటలు పడ్డారు, నిజనిర్ధారణకు ఊళ్లు తిరగడం మాత్రం మానలేదు. మా నల్లగొండలో ఆజం అలీ 2001లో హక్కుల పని చేస్తూనే హత్యకు గురయ్యాడు. ఈ మాటలు రాసేటప్పుడు వాళ్లు నాకు గుర్తుకొస్తూనే ఉంటారు.

నీ వ్యాసంలోంచి ఆ పోలిక పట్టిక తీసెయ్. దాని స్థానంలో ఒక్క ఖైదీని తీసుకో, ఏ దేశంవాడైనా సరే. అతన్ని ఏ తేదీన పట్టుకున్నారు, ఏ సెక్షన్ పెట్టారు, లాయరును కలవనిచ్చారా, ఇంటివాళ్లకు ఎప్పుడు తెలిసింది, ఈ సంగతులు నీకు ఎవరు చెప్పారు, వాళ్లకెలా తెలుసు అన్నవి ఒక్కొక్కటిగా రాయి. తర్వాత అవే ప్రశ్నలు నువ్వు అభిమానించే దేశంలోని ఇంకో ఖైదీ గురించి వేసుకో. దసరా సెలవులకు నల్లగొండ వస్తానన్నావు కదా, రాసిన కాగితాలు వెంట తెచ్చుకో. కూర్చుని చదువుదాం.

నీ మేలు కోరే,
పెదనాన్న
నల్లగొండ