డాక్యుమెంటరీ కోసం ఎఫ్‌డీ బ్రేక్ చెయ్యాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా?

ఒక రీడర్ ప్రశ్న: సొంతూరు ధర్మవరం, జాబ్ బెంగళూరులో. నిమ్మలకుంట తోలుబొమ్మలాట మీద 20 నిమిషాల డాక్యుమెంటరీ తీయాలని ఉంది, బడ్జెట్ 3 లక్షలు. చేతిలో 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఈఎంఐతో కలిపి నెల ఖర్చు 38 వేలు. స్క్రిప్ట్ ఇంకా రాయలేదు, షూట్‌లో చూసుకుందాం అనుకుంటున్నాను.

ఆ చివరి లైన్ దగ్గరే మీ డబ్బంతా పోయేది బ్రదర్! పర్సనల్ లోన్ అయితే అసలు వద్దు, ఈ సినిమా నుంచి రూపాయి కూడా తిరిగి రాదనే లెక్క వేసుకోవాలి, రాని డబ్బుకి వడ్డీ కట్టడం ఎందుకు. ఎఫ్‌డీలో ఎమర్జెన్సీకి ఆరు నెలల ఖర్చు అంటే 2,28,000 ముట్టుకోకండి. మిగిలేది 1,72,000, అదే మీ బడ్జెట్.

మీరు పంపిన లెక్కలో షూటింగ్ రోజుకి 22 వేలు, 8 రోజులు. ఎందుకు 8 అంటే ఏం తీయాలో తెలీదు కాబట్టి. ముందు ఒక శని ఆదివారం కెమెరా లేకుండా నిమ్మలకుంటకెళ్ళి కూర్చోండి, బస్ చార్జీ తప్ప ఖర్చేం లేదు. అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, ఆ ఊరి మీద వీడియోలు ఇప్పటికే ఉన్నాయి, అందులో లేనిది మీ దగ్గర ఏముందో అక్కడే తేలాలి. తర్వాత పేజీ మధ్యలో గీత గీసి ఒకవైపు కనిపించేది, ఇంకోవైపు వినిపించేది రాయండి, పక్కన పగలా రాత్రా అని కూడా, అదే మీ స్క్రిప్ట్. బొమ్మ ఒక్కరోజులో తయారవ్వదు కదా, మేకతోలు శుభ్రం చేసి ఎండబెట్టాలి, గీత గియ్యాలి, ఉలితో చిల్లులు కొట్టాలి, రంగులెయ్యాలి. అన్నీ అయ్యేదాకా యూనిట్‌ని కూర్చోబెడితే అయిపోయారు. ఎండిన తోలు ఒకటి, గీసింది ఒకటి, సగం రంగేసింది ఒకటి రెడీగా పెట్టమని ముందే అడిగితే పొద్దున్నే అదంతా అయిపోతుంది, సాయంత్రం ఇంటర్వ్యూ, చీకటి పడ్డాక తెర కట్టి ఆట. ఇలా ప్లాన్ చేస్తే 4 రోజులు చాలు.

డ్రోన్ కూడా తీసేయండి, తెర వెనక దీపం వెలుగులో ఆడే ఆటకి ఆకాశం నుంచి షాట్ ఎందుకండీ? రోజుకి 4 వేలు మిగులుతాయి. 18 వేల చొప్పున 4 రోజులకి 72 వేలు, ఎడిటింగ్, సౌండ్‌కి మీరు రాసిన 60 వేలు, మొత్తం 1,32,000. మిగిలిన 40 వేలల్లో మీరు మర్చిపోయినవి రావాలి: సబ్‌టైటిల్స్, ఫుటేజ్ రెండు కాపీలకి రెండు హార్డ్ డిస్కులు, అన్నిటికన్నా ముందు కళాకారులకి ఇచ్చే డబ్బు. రాత్రంతా ఆడించి శాలువా కప్పి వచ్చేయకండి, ఎంతిస్తారో షూట్‌కి ముందే మాట్లాడుకోండి.

ఎఫ్‌డీ మొత్తం బ్రేక్ చేసే ముందు కొంత మాత్రమే తీసుకోవచ్చేమో బ్యాంకులో అడగండి. కుదరకపోతే ఎఫ్‌డీ మీద లోన్ పెట్టొచ్చు, వడ్డీ మామూలుగా ఎఫ్‌డీ రేటు మీద ఒకటి రెండు శాతమే ఎక్కువ ఉంటుంది, కానీ ఏడాదిలోపు జీతంలోంచి తీర్చగలిగితేనే. స్క్రిప్ట్ పూర్తయ్యేదాకా మాత్రం ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వొద్దు, కెమెరా ఫ్రెండ్‌కి కూడా.