మోకాలి గుజ్జు ఊడింది, ఏ చికిత్స చేయించుకోవాలి?

ప్రశ్న: నా వయసు 34. హనుమకొండలో ఉంటాను. ఏడాది క్రితం షటిల్ ఆడుతుండగా కుడి మోకాలు మెలితిరిగింది. అప్పటి నుంచి నడుస్తుంటే ఒక్కోసారి పట్టేస్తోంది, సాయంత్రానికి వాపు వస్తోంది. తొడ ఎముక చివర మూడు చదరపు సెంటీమీటర్ల మేర గుజ్జు ఊడి ఎముక బయటపడిందని ఎమ్మారైలో తేలింది. ఎముకకు రంధ్రాలు చేయాలని ఒక డాక్టరు, కణాలను పెంచి అమర్చాలని మరొకరు, పీఆర్పీ (సొంత రక్తం నుంచి వేరుచేసిన, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే ద్రవం) ఇంజెక్షన్లు చాలని ఇంకొకరు అన్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఈ మూడూ ఒకే రకం గాయానికి చేసే చికిత్సలు కావు. మనం గుజ్జు అని పిలుచుకునే మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు కాబట్టి అది చర్మంలా తనంతట తాను మానదు. ఈ సంగతిని లండన్‌లో శరీర నిర్మాణ శాస్త్రవేత్త విలియం హంటర్ 1743లోనే చెప్పారు.

ఎముకకు సన్నని రంధ్రాలు చేసే మైక్రోఫ్రాక్చర్‌లో మజ్జ నుంచి వచ్చే రక్తం గడ్డకట్టి, అందులోని కణాలు కొత్త పొరను ఏర్పరుస్తాయి. అయితే అది పీచుతో నిండిన పొరే తప్ప అసలు గుజ్జంత మన్నికైనది కాదు. రెండు చదరపు సెంటీమీటర్ల లోపు గాయానికి సరిపోవచ్చు గానీ, అంతకు మించిన గాయంలో, అందులోనూ ఆటలాడేవారిలో, కొన్నేళ్లకు నొప్పి తిరగబెట్టే అవకాశం ఎక్కువ. మీ కొలత చూస్తే నేను దీనికి మొగ్గు చూపను.

స్వీడన్ వైద్యులు 1994లో ప్రకటించిన కణాల పద్ధతి మీ గాయానికి ఎక్కువ తగినది. బరువు అంతగా పడని చోటు నుంచి చిన్న గుజ్జు ముక్క తీసి, అందులోని కణాలను ప్రయోగశాలలో కొన్ని వారాలు పెంచి, రెండో ఆపరేషన్‌లో అమరుస్తారు. ఖర్చు మాత్రం బాగా ఎక్కువ. పీఆర్పీతో కొందరికి కొంతకాలం నొప్పి తగ్గవచ్చు, ఊడిన గుజ్జు మాత్రం మళ్లీ మొలవదు.

వీటన్నిటికన్నా ముందు చూడాల్సినది ఒకటుంది. నిలబెట్టి తుంటి నుంచి మడమ దాకా ఎక్స్‌రే తీయించారా? కాలు దొడ్డిగా వంగి ఉన్నా, ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్ తెగి ఉన్నా, దాన్ని సరిచేయకుండా అమర్చిన గుజ్జు త్వరగా పాడవుతుంది. మోకాలు పట్టేస్తోందంటే లోపల ఊడిన ముక్క తిరుగుతుండవచ్చు, లేదా ఎముకల మధ్య దిండులా ఉండే మెనిస్కస్ చిరిగి ఉండవచ్చు. ఆ రెండూ ఇంజెక్షన్‌తో పోయేవి కావు.

ఆపరేషన్ తరువాత సుమారు ఆరు వారాలు చంకకర్రలు, ఆపైన నెలల తరబడి ఫిజియోథెరపీ అవసరం. షటిల్‌కు దాదాపు ఏడాది ఆగాలి. అంత సెలవు, అంత ఓపిక కుదురుతాయో లేదో తేదీ ఖాయం చేసుకునే ముందే ఇంట్లోనూ, ఆఫీసులోనూ మాట్లాడుకోండి.