నా కోపం అక్కకు పనికొస్తుందా?

ప్రశ్న: మా అక్క ఏడాది క్రితం భర్త నుంచి విడిపోయింది. ఆరేళ్ల బాబు అక్క దగ్గరే ఉంటున్నాడు. కేసు తేలేదాకా శని, ఆదివారాలు తండ్రి దగ్గరికి పంపమని కోర్టు ఆర్డరిచ్చింది. బావ పద్ధతి మారలేదు. అర్ధరాత్రి పేజీలకు పేజీలు మెసేజ్‌లు పెడతాడు. చెప్పిన టైముకి రాడు. ‘నీకు పిచ్చని నిరూపించి పిల్లాణ్ని తీసుకుంటా’ అంటాడు. అక్కకు నిద్ర లేదు. బాబేమో ‘నాన్న దగ్గరికి వెళ్లను’ అంటున్నాడు. ఆ మాటే జడ్జిగారి ముందు చెప్పించమని అమ్మ అంటోంది. నాకైతే వెళ్లి బావను నిలదీయాలనుంది. నేనేం చేస్తే అక్కకు మేలు?
- ఒక చెల్లెలు

జవాబు: తల్లీ, ముందు ఆ నిలదీసే ఆలోచన పక్కన పెట్టు. నీ కోపంలో తప్పు లేదు. కానీ నువ్వు అరిచిన నాలుగు మాటలు తేదీతో, టైముతో సహా అవతలివాళ్ల పిటిషన్‌లోకి ఎక్కుతాయి. వాటికి సంజాయిషీ చెప్పుకోవాల్సింది మీ అక్క. కౌన్సెలర్‌గా ఫ్యామిలీ కోర్టులో పనిచేసినన్నాళ్లూ చూశాను, తల్లి వెంట వచ్చినవాళ్లలో ఊగిపోయేవాళ్లకు కొదవ లేదు. ఫైలు ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చునే మనిషే దొరకదు. నువ్వు ఆ మనిషివి కా.

ముందు ఆ ఫోను సంగతి. బాబు ఇంట్లో ఉన్న రాత్రుళ్లు బావ మెసేజ్‌ల శబ్దం ఆపేయమను. పొద్దున నువ్వే చదువు. నలభై లైన్ల తిట్ల మధ్యలో జవాబు చెప్పాల్సిన విషయం ఒక్కటే ఉంటుంది, శనివారం ఎన్నింటికి అనో, మందు ఎప్పుడు వేయాలనో. దానికే జవాబివ్వాలి. ‘శనివారం 10కి దింపుతాను. దగ్గు మందు బ్యాగులో ఉంది, రాత్రి ఒకసారి వేయండి.’ అంతే. పిచ్చిదన్నందుకు జవాబు అక్కర్లేదు. తనకు పిచ్చి లేదని ఒకావిడ రాత్రి రెండింటికి పదిహేడు మెసేజ్‌లు పెట్టింది. అవతలి లాయరు వాటినే ప్రింటు తీసి తెచ్చాడు! మీ బావ పంపినవి మాత్రం ఒక్కటీ డిలీట్ చేయొద్దు.

ఒక నోటుబుక్కు పెట్టు. ‘మళ్లీ లేటు, మనిషే కాడు’ అని రాస్తే అది ఏడుపు. ‘ఆదివారం 6కి దింపాలి, 7:25కి దింపారు, బాబు కారులో నిద్రపోయాడు, నేను ఎదురుగా ఉన్నాను’ అని రాస్తే లాయరుకు పనికొస్తుంది. మీ బావ టైముకి వచ్చిన రోజులు కూడా రాయాలి. మనసొప్పదు, తెలుసు. కానీ అన్నీ తప్పులే ఉన్న పుస్తకాన్ని ఎవరూ నమ్మరు.

ఇక బాబు సంగతి. నా దగ్గరికి ఇంచుమించు ఆ వయసు పిల్లాడొకడు వచ్చేవాడు. తండ్రి కొనిచ్చిన చిన్న బొమ్మ కారును బూటులో దాచుకుని కుంటుకుంటూ అమ్మ దగ్గరికి వెళ్లేవాడు. ఇంటికెళ్లగానే అమ్మమ్మ బ్యాగంతా వెతికి, ‘ఏం కొన్నాడు? ఏమన్నాడు?’ అని అడుగుతుందట. అక్కడ తండ్రి చేసేదీ అదే. వాడికి రెండు ఇళ్లున్నా కారు పెట్టుకోవడానికి చోటు లేదు. బాబు తిరిగొచ్చినప్పుడు మీ ఇంట్లో ఎవరూ అలాంటి ప్రశ్నలు వేయకుండా చూసే పూచీ నీది. మీ అమ్మగారికి చెప్పడం కష్టమే, అయినా చెప్పాలి.

జడ్జిగారి ముందు చెప్పించడం అసలే వద్దు. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒప్పందంలో 12వ అధికరణం పిల్లలు తమ అభిప్రాయం చెప్పొచ్చంటుంది. వయసును, పరిణతిని బట్టి దానికి విలువ ఇవ్వాలంటుంది. అంతేకానీ తీర్పు చెప్పే భారం పిల్లల మీద పెట్టలేదు. ఆరేళ్లవాడు పెద్దవాళ్ల మాటలు వల్లిస్తే ఎదుటివాళ్లకు తెలిసిపోతుంది. అప్పుడు ‘తండ్రి మీద పిల్లాడి మనసు తల్లే విరిచేస్తోంది’ అని అవతలివాళ్లు అందుకుంటారు. ఈ వాదనకు 1985లో రిచర్డ్ గార్డనర్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు ‘పేరెంటల్ ఏలియనేషన్ సిండ్రోమ్’ అని జబ్బు పేరే పెట్టాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో అలాంటి జబ్బు లేదు. అయినా కోర్టుల్లో ఆ మాట వాడుతూనే ఉంటారు, మీరు దానికి సందివ్వకండి.

అలాగని ‘వెళ్లను’ అన్న మాటను కొట్టిపారేయొద్దు. అక్కడ ఆడుకోవడానికి ఎవరూ లేక కావచ్చు, గుమ్మంలో అమ్మ ముఖం చూసి కావచ్చు, నిజంగా భయపడి కావచ్చు. కొట్టారనో బెదిరించారనో వాడంతట వాడే చెబితే మధ్యలో ఆపకుండా వినండి. గుచ్చి గుచ్చి అడగొద్దు. వాడన్న మాటలు వాడి మాటల్లోనే రాసి, ఆ రోజే లాయరుకు, అవసరమైతే డాక్టరుకు చెప్పండి. ఆర్డరు ఉండగా మీ అంతట మీరు పంపడం మానేస్తే కేసు మీకే ఎదురు తిరగొచ్చు. ఆర్డరు మార్చమనో, వేరే మనిషి సమక్షంలోనే కలవనివ్వమనో వెంటనే కోర్టును అడగాలి. అప్పటికప్పుడు ప్రమాదం ఉంటే మాత్రం లాయరు కోసం కూర్చోవద్దు, పోలీసులను పిలవండి.

ఒక్కటి నువ్వు ఉత్తరంలో రాయలేదు. ఆయన అక్క మీద చేయి చేసుకునేవాడా? అలాగైతే బాబును అప్పగించడానికి అక్క ఒంటరిగా వెళ్లకూడదు, ఇంటి గుమ్మంలో అసలే వద్దు. నలుగురు తిరిగే చోట, ఇద్దరూ ఒప్పుకున్న మూడో మనిషి చేతుల మీదుగా జరిగేలా లాయరుతో అడిగించండి.

శనివారం బాబు వెళ్లాక ఇల్లు బావురుమంటుంది. వీలైతే ఆ సాయంత్రం అక్క దగ్గరికి వెళ్లు. కేసు మాట ఎత్తకు. బాబు దగ్గరి నుంచి కాల్ వస్తుందేమోనని ఆ రాత్రి ఫోను ఆపలేం కదా, దాన్ని నీ తలగడ పక్కన పెట్టుకుని అక్కను పడుకోమను.