‘హౌసెస్ ఆఫ్ ద హోలీ’ అతుకుల బొంతలా ఉందా? గిటార్‌ను వదిలి డ్రమ్స్ వెంట వెళ్లండి

ఇంగ్లండ్ రాక్ బృందం లెడ్ జెప్పెలిన్ మొదటి నాలుగు ఆల్బమ్‌లూ నచ్చాయనీ, అయిదోది ‘హౌసెస్ ఆఫ్ ద హోలీ’ మాత్రం కొరుకుడు పడటం లేదనీ రాశారు. ఒక పాట వాన గురించి, ఒకటి రెగే (జమైకా బాణీ), ఇంకొకటి ఫంక్ (అమెరికా నల్లజాతివాళ్ల నృత్య సంగీతం), మరొకటి చీకట్లో నడుస్తున్నట్టు ఉంటుంది. ఇవన్నీ ఒకే బృందం పాటల్లా లేవు, లోపం వినేవాడిదా, ఆల్బమ్‌దా అన్నది మీ ప్రశ్న.

మీలో లోపమేమీ లేదు. 1973 మార్చి 28న ఇది విడుదలైనప్పుడు రోలింగ్ స్టోన్ పత్రిక సమీక్షకుడు కూడా ఉతికి ఆరేశాడు. క్రంజ్, డి’యర్ మేకర్ పాటలను చూసి నొసలు చిట్లించినవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. జనం మాత్రం వాళ్ల మాట వినలేదు. బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ ఆల్బమ్ మొదటి స్థానానికి చేరింది. ఆ మే నెలలోనే ఫ్లోరిడాలోని టాంపా స్టేడియంలో 56,800 మంది వాళ్ల కచేరీకి వచ్చారు. 1965లో న్యూయార్క్ షే స్టేడియంలో బీటిల్స్ నెలకొల్పిన రికార్డు దాంతో చెదిరిపోయింది. అంత గిరాకీ ఉన్నవాళ్లు పాత బాణీనే తిప్పి తిప్పి వాయించినా అడిగేవారు లేరు. అలా చేయకపోవడమే నాకు ఈ ఆల్బమ్ మీద మొదటి గౌరవం.

ఇంత వైవిధ్యం ఎక్కడి నుంచి వచ్చిందంటే, కారణం కొంతవరకు సాంకేతికమే. అప్పటికి గిటారిస్టు జిమ్మీ పేజ్, బేస్, కీబోర్డు వాయించే జాన్ పాల్ జోన్స్ ఇద్దరికీ ఇళ్లలోనే సొంత స్టూడియోలు ఉన్నాయి. రెయిన్ సాంగ్‌ను పేజ్, నో క్వార్టర్‌ను జోన్స్ ఇంటి దగ్గరే దాదాపు పూర్తిగా అల్లుకుని తెచ్చారు. నలుగురూ ఒక గదిలో కూర్చుని ఏదో ఒకటి వాయిస్తూ పాట కట్టే పద్ధతికీ, ఎవరి లోకంలో వాళ్లు కట్టుకుని రావడానికీ తేడా ఉండదా మరి! 1972లో ఇంగ్లండ్‌లో రోలింగ్ స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్‌కు ఉన్న స్టార్‌గ్రోవ్స్ అనే పల్లెటూరి బంగళాకు, రోలింగ్ స్టోన్స్ బృందం సంచార స్టూడియోను తీసుకువెళ్లి చాలా భాగం రికార్డు చేశారు. ఎడ్డీ క్రేమర్ రికార్డింగ్ ఇంజనీరు. డాన్సింగ్ డేస్‌ను రికార్డు చేసి మొదటిసారి విన్నప్పుడు నలుగురూ పచ్చికలోకి వెళ్లి గంతులేశారని ఆయనే చెప్పాడు.

ఇక నా సంగతి. నేను దీన్ని మొదట విన్నది ఇంజనీరింగ్ హాస్టల్లో, ఒక సీనియర్ ఇచ్చిన క్యాసెట్టు మీద. నాకూ మీలాగే తలాతోకా లేని సంకలనంలా అనిపించి తిరిగి ఇచ్చేశాను. చాలాకాలం తర్వాత మళ్లీ విన్నప్పుడు దారి చూపించింది చిన్నప్పుడు విజయవాడలో నేర్చుకున్న మృదంగం. నేర్చుకున్నది అంతంతమాత్రమే కానీ, పాట వినగానే తొడ మీద వేళ్లతో లెక్క వేసే అలవాటు మిగిలిపోయింది. చివరి పాట ఓషన్ వింటూ లెక్క వేస్తే పదహారు దగ్గర వేలు ఒట్టిపోయింది. మళ్లీ వేశాను. పదిహేను! ‘తకధిమి తకధిమి’ అని ఎనిమిది, ‘తకిట తకధిమి’ అని ఏడు. మన మిశ్రచాపు తాళంలోని ఏడుకు ముందు ఒక నిండు ఎనిమిదిని తగిలించినట్టు. ఆ ఒక్క మాత్ర తగ్గడం వల్లే ఆ గిటార్ వరస ప్రతిసారీ మనల్ని మెడ పట్టి ముందుకు తోస్తుంది. విశేషమేమిటంటే, డ్రమ్మర్ జాన్ బోనమ్ దాన్ని లెక్కలా వినిపించడు. తలాడిస్తూ ఉన్నవాడికి కాలు తడబడదు, వేళ్లు లెక్కపెట్టినవాడికి మాత్రమే సంగతి తెలుస్తుంది. మా గురువుగారు లెక్క చెవిలో పడకూడదు, కాలిలో పడాలి అనేవారు. ఈయనను వింటే సంతోషించేవారేమో.

అక్కడి నుంచి వెనక్కి వెళ్లి ఆల్బమ్ అంతా గిటార్ వైపు చూడకుండా, డ్రమ్స్ మాత్రమే పట్టుకుని విన్నాను. చెదిరిన పాటలన్నీ ఒక మనిషి చేతిలోకి వచ్చాయి.

క్రంజ్‌ను ఇలా వినండి. అమెరికా గాయకుడు జేమ్స్ బ్రౌన్ ఫంక్‌ను ఆటపట్టిస్తూ చేసిన పాట, కానీ ఆ ఆట డ్రమ్స్ దగ్గరే మొదలవుతుంది. తొమ్మిది మాత్రల నడక, మన సంకీర్ణం. ఫంక్ అంటే జనం ఎగరాలి. తొమ్మిదిలో ఎగరబోయేవాడు బోర్లా పడాలి. అదీ హాస్యం. (చివర్లో గాయకుడు రాబర్ట్ ప్లాంట్ ‘బ్రిడ్జ్’ (పాటలో భాగాలను కలిపే వంతెన) ఎక్కడ అని వెతుక్కోవడం నాకు రెండోసారికే విసుగొచ్చింది, అది వేరే సంగతి.)

రెయిన్ సాంగ్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. మీ బృందం నెమ్మదైన పాటలు చేయదేం అని బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ బోనమ్‌తో అన్నాడట. దానికి జవాబుగానే పేజ్ ఈ పాట కట్టి, మొదట్లో హారిసన్ పాట ‘సమ్‌థింగ్’ స్వరాలను తలపించే మెరుపు ఒకటి పెట్టాడని కథ. ఏడున్నర నిమిషాల పాటలో దాదాపు సగం దాకా డ్రమ్స్ జాడే ఉండదు. జోన్స్ మెలోట్రాన్ (టేపుల మీద రికార్డు చేసిన స్వరాలను పలికించే కీబోర్డు) మీద తంత్రీవాద్యాల మేళం లాంటి ధ్వని పరుచుకుంటూ ఉంటుంది. బోనమ్ వచ్చాక కూడా అడుగుల చప్పుడు కాకుండా వస్తాడు. ఆ తర్వాత ఒక్కసారిగా ఎలా విరుచుకుపడతాడో, మళ్లీ ఎలా తగ్గుతాడో గమనించండి. అంత బలం ఉన్నవాడు ఇంతసేపు చేతులు కట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో వాద్యం పట్టినవాళ్లకు తెలుస్తుంది. ఆల్బమ్ మొత్తంలో నాకు ఇదే గొప్ప పాట.

డి’యర్ మేకర్ (‘జమైకా’ అన్నట్టు పలకాలి) విషయంలో మాత్రం మీతో సగం ఏకీభవిస్తాను. రెగే లయ మీద పెద్దగా మోజు లేకుండానే బోనమ్ దీన్ని వాయించాడని జోన్స్ చెప్పాడు. జోన్స్‌కు కూడా ఇది నచ్చదు. కానీ మైకులను డ్రమ్స్‌కు దూరంగా పెట్టి గది మోతను కూడా పట్టుకున్నందువల్ల ఆ దెబ్బలు బరువుగా మోగుతాయి. రెగే అనుకుని వింటే నకిలీ. 1950ల నాటి ప్రేమపాటను రాతి నేల మీద వాయించారనుకుంటే బాగానే ఉంటుంది.

డాన్సింగ్ డేస్‌లో వంకర్లు తిరిగే ఆ గిటార్ వరస బొంబాయిలో విన్న ఒక బాణీ నుంచి పుట్టిందని చెబుతారు. 1972లో పేజ్, ప్లాంట్ బొంబాయి వెళ్లి అక్కడి వాద్యకారులతో తమ పాత పాటలు రెండు రికార్డు చేసిన మాట నిజం. అవి 2015లో గానీ అధికారికంగా బయటికి రాలేదు. మొదటి పాట ‘ద సాంగ్ రిమెయిన్స్ ద సేమ్’లో కలకత్తా వాన ప్రస్తావన కూడా ఉంది, చెవి పెట్టి వింటే దొరుకుతుంది. ‘ఓవర్ ద హిల్స్ అండ్ ఫార్ అవే’ గురించి చెప్పేదేమీ లేదు, అది మొదటిసారికే నచ్చేస్తుంది.

నో క్వార్టర్‌ను పగలు వినకండి. రికార్డు చేశాక పేజ్ దాని శ్రుతిని కావాలనే కాస్త కిందికి దించాడు. ఆ మందకొడి చీకటి అలా వచ్చిందే.

ఎలా వినాలన్నది కూడా అడిగారు కాబట్టి: ఫోను స్పీకర్ మీద అయితే అసలు వద్దు, బోనమ్ కాలి డ్రమ్ మాయమైపోతుంది. మామూలు ఇయర్‌ఫోన్లయినా సరే పెట్టుకోండి. ముందు ఓషన్, తర్వాత క్రంజ్, ఆపైన రెయిన్ సాంగ్. ఆ మూడూ వేళ్లకు అందాక ఎనిమిది పాటలనూ అసలు వరసలో, నలభై నిమిషాలు మధ్యలో ఆపకుండా వినండి. 2014లో పేజ్ స్వయంగా పర్యవేక్షించిన కొత్త ముద్రణలో రెండో డిస్కు ఒకటి ఉంటుంది. అందులో గొంతు లేని నో క్వార్టర్ ఉంది. లయ వినడం నేర్చుకునేవాళ్లకు అంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

ఇంకొకటి. ఆల్బమ్ పేరుతో ఉన్న పాట కోసం ఇందులో వెతికి సమయం పాడు చేసుకోకండి. దాన్ని అప్పట్లో పక్కన పెట్టి, 1975లో ‘ఫిజికల్ గ్రాఫిటీ’లో వేశారు. ఇది జీర్ణమైతే తర్వాత వినాల్సింది కూడా అదే.