పెద్ద పండుగప్పలన్నీ ఆడవే

అమ్మలూ,

నువ్వూ నీ ముగ్గురు స్నేహితురాళ్ళూ గాలం వేయడానికి ఆస్ట్రేలియా వెళ్తామన్నారట. మీ నాన్న పొద్దున్నే ఫోన్ చేసి ఒకటే గోల. "చేపలకోసం విమానం ఎక్కాలా అక్కా, మన హార్బర్ లేదూ?" అంటాడు. ఎందుకు లేదు, ఉంది. తెల్లారకముందే అక్కడ చేపలు బేరమాడేదీ, గంప నెత్తికెత్తుకునేదీ, కవళ్ళ చేపలు ఎండబెట్టేదీ ఆడవాళ్ళే. మీ నాయనమ్మ ముప్పై ఏళ్ళు ఆ గంప మోసింది, ఒక్కసారీ బోటెక్కలేదు. ఎక్కొద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. నేనైతే యాభై దాటాక మాల్దీవుల్లో, ఓ రాత్రి చేతితాడుతో మొదటి చేప లాగాను. నువ్వు అంతదాకా ఆగకు.

ఆస్ట్రేలియా ఉత్తర తీరంలో ఉన్న డార్విన్ వెళ్ళండి. అక్కడ బారముండి అంటే మన పండుగప్పే, వేరే చేప కాదు. పుట్టడం మగదిగా పుడుతుంది, కొన్నేళ్ళు పెరిగాక ఆడదవుతుంది. మీటరు పొడవుందంటే దాదాపు ఆడదే అనుకో. ఈ ముక్క మీ నాన్న చెవిన వెయ్యి.

మార్చి నుంచి మే దాకా మంచి అదను. వానలు తగ్గి, ముంపు నేలల నీళ్ళు వాగుల్లోంచి నదిలోకి దిగుతుంటే చిన్న చేపలు కొట్టుకొస్తాయి. పండుగప్ప వాగు నోట కాపు కాస్తుంది. ఇక్కడ ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం, బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. మీరక్కడ గాలం వేస్తుంటారు!

డార్విన్ ఉన్న నార్తర్న్ టెరిటరీ ప్రాంతంలో సరదా వేటకి లైసెన్సు అక్కర్లేదు. 55 సెంటీమీటర్ల లోపు పండుగప్పని మాత్రం వదిలేయాలి. మొసళ్ళతో వేళాకోళం వద్దు. నీటి అంచుకి ఐదు మీటర్ల ఇవతలే ఉండండి, ఒడ్డున చేప కోయొద్దు, పడవలోంచి చెయ్యి బయటపెట్టొద్దు.

ఎవరూ చెప్పని మాటొకటి. పడవ మాట్లాడుకునేముందు టాయిలెట్ ఉందో లేదో అడుగు. లేదని నీళ్ళు తాగడం మానేసి ఎండదెబ్బ తిన్న ఆడవాళ్ళని చూశాను, అందులో నేనూ ఒకదాన్ని. నలుగురున్నారు కాబట్టి పడవంతా మీరే తీసుకోండి, తెలియనివాళ్ళతో పంచుకోవద్దు.

ఎండుచేపలు పెట్టెలో పెట్టకు. నేను ఎండురొయ్యల పొట్లం పట్టుకెళ్ళాను. ఆస్ట్రేలియాలో దిగేముందు నింపే కార్డులో రాశాను కాబట్టి పొట్లంతో పోయింది, దాచి ఉంటే జరిమానా పడేది. వాడిన రాడ్డు (గాలం కర్ర), రీలు (దారం చుట్టే చక్రం) శుభ్రంగా కడిగి, వాటినీ రాయి.

బలం చాలదేమోనని బెంగపడకు. 1922లో స్కాట్లాండ్‌లోని టే నదిలో జార్జినా బాలంటైన్ అనే ఆవిడ 64 పౌండ్ల సాల్మన్ పట్టింది. మన లెక్కలో 29 కిలోలు. బ్రిటన్‌లో రాడ్డుతో అంతకన్నా పెద్ద సాల్మన్ ఇంతవరకూ ఎవరూ పట్టలేదు. రెండు గంటలు పెనుగులాడిందిట. వంగేది రాడ్డు, నువ్వు కాదు. రీలు డ్రాగ్, అంటే దారాన్ని పట్టి ఉంచే బిగువు, మరీ బిగించకు, చేప పరిగెత్తితే పరిగెత్తనీ. ఎగరబోతే రాడ్డు కొస నీటిదాకా దించు.

ఆదివారం మా మేడమీదకి రా. గాలం తీసేసి సీసం గుండు కట్టి, బకెట్టులో పడేలా విసరడం నేర్పుతాను. మీ నాన్ననీ తీసుకురా. బకెట్టు జరపడానికి ఒకరుండాలి కదా.

మీ అత్త