పాత తరహా కీబోర్డా, కొత్త మెకానికల్ కీబోర్డా: టైపింగుకు ఏది మేలు?

విజయనగరం గంటస్తంభం దగ్గర డీటీపీ పని చేసే నాకు ఈ ప్రశ్న తరచూ ఎదురవుతుంది. 1985 నాటి పాత తరహా కీబోర్డు ఐబీఎం మోడల్ ఎంలో కీ నొక్కితే లోపలి స్ప్రింగు ఒక్కసారిగా వంగుతుంది. టక్కుమనేదీ, అక్షరం పడేదీ ఆ క్షణంలోనే. అక్షరం పడిందని వేలికే తెలిసిపోతుంది, తెర చూడనక్కర్లేదు. (ఇంట్లో రాత్రిపూట మాత్రం వాడకండి.) దాని బలహీనత స్ప్రింగు కాదు, వెనక రేకును పట్టి ఉంచే ప్లాస్టిక్ రివెట్లు, ఏళ్లు గడిచేకొద్దీ విరిగిపోతాయి.

కొత్తవాటిలో ఒక్కో కీకి విడి స్విచ్ ఉంటుంది. చెర్రీ ఎంఎక్స్ రెడ్ అనే స్విచ్ 10 కోట్ల నొక్కుళ్లకు తట్టుకుంటుందని తయారీదారు మాట. హాట్‌స్వాప్ రకమైతే పాడైన స్విచ్‌ను టంకం పని లేకుండా లాగి మార్చుకోవచ్చు. స్పర్శలో పాతదే నాకిష్టం. దుకాణానికి మాత్రం కొత్తదే కొన్నాను: స్పేస్ కీ మొరాయిస్తే ఐదు నిమిషాల పని.